తీసివేతలో నా తప్పు

మా ఊరు గౌడవెల్లి పిల్లలు కొందరు సాయంత్రాలు మా ఇంటికి చదువుకోవడానికి వస్తారు. వాళ్ళు చేసే తప్పులను నేను డైరీలో రాసుకుంటాను. తప్పు ఎక్కడ పుట్టిందో తెలిస్తే పరీక్షలో మళ్ళీ చేయరని నా నమ్మకం.

తెల్లవారితే లెక్కల పరీక్ష. మూడో తరగతి అమ్మాయి యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేసి పదిహేను అని రాసింది. డైరీ తిరగేశాను. వారం రోజులుగా ఇలాంటి లెక్కలన్నిటిలో ఆమె జవాబు సరిగ్గా పది తక్కువ. తీసివేతలు నేను నేర్పడం మొదలుపెట్టింది ఆ వారమే.

"ఎట్ల జేసినవో చెప్పు బిడ్డా."

"బళ్లె పైన ఒకటి తగ్గియ్యమన్నరు. నువ్వేమో కింద ఒకటి కలుపమంటివి. నేను రెండూ జేసిన తాతా."

నేను నేర్పింది మా చిన్ననాటి పద్ధతి. అరువు తెచ్చుకున్నప్పుడు పై పదుల అంకెలో ఒకటి తగ్గించాలి, లేదా కింది పదుల అంకెకు ఒకటి కలపాలి; రెండూ చేస్తే జవాబులో పది తగ్గుతుంది. బడిలో ఎలా చెబుతున్నారో అడగకుండా, చక్కగా చేసుకునే పిల్లను చెడగొట్టాను.

"తప్పు నాది. బళ్లె చెప్పినట్టే జెయ్యి."

"నువ్వు గూడ తప్పు జేస్తవా?" అని నవ్వింది. "మరి నీది గూడ రాస్కో!"

రాసుకున్నాను. ఆమె పది లెక్కలు చేసింది. తొమ్మిది సరిపోయాయి. ఒకదానిలో పైన తగ్గించాక కూడా చెయ్యి అలవాటుగా కిందికి పోయింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"రేపు గిట్లనే అయితే ఎట్ల తాతా?"

అదే భయం నాకూ ఉంది. పదకొండో లెక్క రాసిచ్చాను.