మేత ఆపమని చెప్పే ఫోను

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. నేను వాగుడుకాయనని మా ఊళ్ళో అందరికీ తెలుసు. బస్సులో పక్కన కూర్చున్నావిడకి దిగేలోపు మా ఇంటి సంగతులన్నీ చెప్పేస్తాను. ఈ ఒక్కటే చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఇంటర్ తప్పాక తాడేపల్లిగూడెంలో పిన్ని ఇంట్లో ఉండి ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకున్నాను. ఆ సర్టిఫికెట్టు చూసే కలిదిండి దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డులో ఉద్యోగం ఇచ్చారు. ఓనరు గారు అప్పుడే కంప్యూటర్ కొన్నారు. దాని మీద కవరు తీయడానికి కూడా షెడ్డులో అందరికీ భయమే. పుస్తకాల్లో జరిగే పనంతా నెలలో అందులోకి రావాలి, ఏ పని తర్వాత ఏ పనో ముందు నువ్వే ప్లాను రాసి చూపించు అన్నారు. నాకు పంతొమ్మిదేళ్ళు. కాళ్ళు నేల మీద నిలబడతాయా?

ఆ పనంతా అప్పటిదాకా దేవదానం గారు చూసేవారు. ఎవరి చెరువులో చేపలు ఏ రోజు పట్టాలి, వలవాళ్ళు ఎంతమంది, ఐసు ఎంత, కలకత్తా పక్కన హౌరా మార్కెట్టుకి లారీ ఎన్నింటికి, అన్నీ ఆయనే. నేను బాబాయి గారూ అనేదాన్ని. మూడు రోజులు నా పక్కన స్టూలు వేసుకుని చెప్పారు. పుస్తకంలో ఉన్నవీ చెప్పారు, లేనివీ చెప్పారు.

“పట్టుబడికి ముందురోజు రైతుకి ఫోన్ చేసి మేత ఆపమనాలమ్మా. కడుపు నిండా తవుడున్న చేప హౌరా దాకా ఆగదు. పొట్ట పగిలిపోద్ది.”

“చెరువులున్నోళ్ళకి ఆ మాత్రం తెలీదేంటండీ బాబాయి గారూ?”

“తెలుసు. తెలిసే వేస్తారు, తూకం వస్తదని ఆశ. అందుకే మనం చెప్పాలి. రాసుకున్నావా?”

“ఆఁ, రాశానండీ.”

రాయలేదు. ప్లానులో అందుకోసం ఇంకో గడి పెడితే ప్రింటు రెండో పేజీలోకి పోతోంది. ఓనరు గారికి ఒక్క పేజీలో చక్కగా చూపించాలని నా సరదా. మర్నాడు ఆయన మళ్ళీ గుర్తు చేశారు. మళ్ళీ ఆఁ అన్నాను.

కంప్యూటర్ మీద పని మొదలైన వారంలోనే దేవదానం గారు కూతురి పురిటికని కామవరపుకోట వెళ్ళారు. నా పేజీలో ఉన్నవన్నీ వరసగా చేశాను. ఫోన్ చేయలేదు. గణపవరం రైతు చెరువు పట్టారు, లారీ వెళ్ళింది. హౌరాలో పెట్టెలు తెరిస్తే ముక్కు మూసుకున్నారట.

ఆయన తిరిగొచ్చిన రోజు ఓనరు గారు ఇద్దరినీ నిలబెట్టి నన్ను అడిగారు.

“మేత సంగతి ఈయన నీకు చెప్పారా, లేదా?”

“లేదండీ. చెప్పలేదండీ.”

దేవదానం గారు నా వైపు తిరిగారు. “చెప్పానే అమ్మా,” అన్నారు. అంతే.

“కంప్యూటరొస్తే కుర్చీ పోద్దని దాచుకున్నారన్నమాట. పెద్దోరు, మీరేనాండీ ఇలా చేసేది!” అన్నారు ఓనరు గారు.

ఆయన క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయారు. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి ఆ తర్వాత వెనక బెంచీలో కూర్చునేవారని విన్నాను. పని పోయిందని కాదు, పిల్ల దగ్గర పని దాచుకున్నాడన్న పేరు వచ్చిందని. తర్వాత కూతురి ఊరికే మారిపోయారు.

మర్నాడు నేను ఆ గడి పెట్టాను. ప్రింటు రెండు పేజీలైంది. తెలివైన పిల్ల అన్నారు ఓనరు గారు.

భయంతో అన్నానా ఆ మాట? భయమే. కానీ ఆ భయం ఎంతసేపుంటుంది? ఏడేళ్ళు ఉంటుందా? సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి చెప్పొచ్చు, మర్నాడు చెప్పొచ్చు, మెచ్చుకున్నప్పుడైనా ఆ తెలివి నాది కాదనొచ్చు. అనలేదు. మెచ్చుకోలు తీపిగా ఉంది, అదీ నిజం.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, పోయిన వారం షెడ్డు పనంతా ఇంటర్నెట్‌లోకి మార్చడానికి విజయవాడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఈసారి స్టూలు మీద నేను. నేను చెబుతున్నాను, ఆ అమ్మాయి రాసుకుంటోంది. మేత ఫోను దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఆఁ ఆఁ అంటోంది, రాయట్లేదు.  పెన్ను నేనే తీసుకుని రాశాను. “భలే రూలక్కా, ఎవరు పెట్టారు?” అంది. దేవదానం గారు అన్నాను. ఆ పేరు నా నోటితో అని ఏడేళ్ళయింది. అనగానే ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. పిచ్చిదాన్ననుకుని ఉంటుంది.

మీకు చెప్పిందంతా రాసిన ఈ కాగితమే రేపు ఓనరు గారి బల్ల మీద పెడతాను. ఆయన ముందే కదా ఆ పెద్దాయన పేరు పోయింది. ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు. ఆ తర్వాత కామవరపుకోట బస్సెక్కుతాను. దేవదానం గారు తలుపు తీస్తారో లేదో తెలియదు. తీయాలని అడిగే ముఖం నాకు లేదు. అయినా ఇవాళ అన్నం గొంతులోంచి హాయిగా దిగింది.

ఆయన నాకు చెప్పారు. రెండుసార్లు చెప్పారు. నేను విన్నాను.