రాంచందర్ వకీలు తక్కెడ

మా వరంగల్ కోర్టులో రాంచందర్ వకీలుకు ఒకటే పిచ్చి: తూచనిదే దేన్నీ నమ్మడు. మిగతా వకీళ్ల సంచుల్లో చట్టాల పుస్తకాలుంటే, ఆయన సంచిలో నల్లకోటు కింద చేతి తక్కెడ, తూకపు రాళ్లు ఉండేవి. హనుమకొండలో కిరాణా దుకాణం నడిపిన తండ్రి ఆస్తిలో ఆయన అడిగి తీసుకున్నది ఆ తక్కెడ ఒక్కటేనట.

పక్క టేబులు నాది. పదేళ్లు ఆ తూకాలన్నీ చూశాను. కొన్న కూరగాయలు తూచేవాడు. కక్షిదారులు ఫీజు కింద తెచ్చిన పెసలు, మిరపకాయలు తూచేవాడు. ఒకసారి నేను రాసిన అర్జీని కూడా తూచి, "బరువు బాగనే ఉన్నది భాస్కర్, పాయింటే లేదు" అన్నాడు. చిత్రమేమిటంటే, అంత అనుమానం మనిషి ఏ కూరగాయలామెతోనూ ఒక్కనాడూ తగువు పడలేదు. తూచడం, "బరాబర్" అనడం, సంచిలో వేసుకోవడం. ఖాళీ తక్కెడను మాత్రం ఎన్నడూ పైకెత్తేవాడు కాదు. ఎందుకని అడిగితే, దరిద్రమని వాళ్ల నాయన చెప్పాడనేవాడు.

గంజాయి చట్టం కొత్తగా వచ్చిన రోజులవి, ఎనభై ఏడు కావచ్చు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మొండయ్యను పోలీసులు పట్టుకున్నారు. మరిపెడలో అమ్ముడుపోని జంపఖానాను చుట్టగా చుట్టి బస్సు టాపు మీద వేసుకొస్తుంటే, తనిఖీలో ఆ చుట్టలో పొట్లం దొరికింది. తనకేమీ తెలియదని మొత్తుకున్నా ఎవరూ వినలేదు. పంచనామాలో ఆరు కిలోల గంజాయి అని రాశారు. భార్య లచ్చవ్వకు నెలలు నిండాయి, ఇంట్లో మరో మనిషి లేదు. కాన్పు లోపల మొగుడు ఇంటికి రావాలి, రాంచందర్ దగ్గరికి వచ్చి ఆమె అడిగింది అంతే.

బెయిలు అర్జీ వస్తే మా సెషన్స్ జడ్జిగారు నాలుగు సంగతులు చూసేవారు. దొరికింది ఎంత, అతని చేతిలోనే దొరికిందా, వదిలితే పారిపోతాడా, సాక్షుల జోలికి పోతాడా. మొదటి దానికే సర్కారు వకీలు లేచి, ఆరు కిలోలు అని గట్టిగా చదివాడు.

"చుట్ట విప్పి తూచిండ్రా, విప్పకుంట తూచిండ్రా?" అని రాంచందర్ అడిగాడు. ఎస్సై తల గోక్కున్నాడు. విప్పకుండానేనట. జడ్జిగారు నవ్వి, రోజూ మోస్తున్నారుగా, మీ తక్కెడతోనే ఇక్కడ తూచండి అన్నారు. అప్పుడు చూడాలి మావాడి ముఖం, పాలిపోయింది.

"నాది వద్దు సార్. ఎదురుంగ దుకాణం నుంచి తెప్పియ్యుండ్రి."

ఆ తక్కెడను ఆయన కాదనడం నేను చూడటం అదే మొదలు.

దుకాణం తక్కెడలో జంపఖానా ఐదున్నర కిలోలు తూగింది, పొట్లం అర కిలో. రాంచందర్ అందుకున్నాడు. "బస్సు టాపు మీద ఎవరి చెయ్యన్న పడుతది సార్. ఇగ పారిపోవుడంటరా, మగ్గం గుంతల కాళ్లు పెట్టి బతికేటోడు, దాన్ని ఇడిచి ఏడికి పోతడు?" నేరం సంగతి విచారణలో తేలుతుంది, అందాకా మనిషి ఇంట్లో ఉండవచ్చన్నారు జడ్జిగారు. ఇద్దరి జమానతు మీద బెయిలిచ్చారు. నాలుగో రోజు లచ్చవ్వ ప్రసవిస్తే, మొండయ్య దవాఖాన గుమ్మంలోనే ఉన్నాడు.

నెల తిరిగాక ఇద్దరూ పసిపిల్లతో, ఫీజు కింద ముందే అనుకున్న రెండు కిలోల పెసలతో వచ్చారు. రాంచందర్ తక్కెడ రెండుంబావు చూపింది. దుకాణంలో రెండే తూగాయని లచ్చవ్వ అంటున్నా వినకుండా, ఎక్కువైన పావు ఆమె కొంగులో పోశాడు. వాళ్లు వరండాలోకి, ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే నేను ఖాళీ తక్కెడను ఎత్తాను. సరుకు వేసే పళ్లెం టక్కున కిందికి వాలింది. దాని అడుగున రాయిలా గట్టిపడ్డ చింతపండు ముద్ద. కొనేవాళ్లను ముంచడానికి దొంగ బేరగాళ్లు పెట్టే ముద్దే. ఈయన పదేళ్లుగా దానితో తననే ముంచుకుంటున్నాడు. నాకు నవ్వూ వచ్చింది, ఆయన మీద చెప్పలేనంత ప్రేమా వచ్చింది.

ఆయన వచ్చి చూసి సిగ్గుపడ్డాడు. "ఊకెనే తీస్కపొమ్మంటే వాళ్లకు నామోషీ భాస్కర్. తక్కెడ చెప్తే తీస్కపోతరు."

ఇంతలో లచ్చవ్వ మళ్లీ లోపలికి వచ్చింది. పిల్ల బాగుందని డాక్టరమ్మ చెప్పినా, పక్కింటి రాజక్క ఎలుకపిల్లలా ఉందంటున్నదట. సారు ఒక్కసారి తూచి చెబితే మనసు నిమ్మళమవుతుందంది. రాంచందర్ నా వైపు చూశాడు. నేనే పళ్లెంలో తువ్వాల మడతపెట్టి పరిచాను, పిల్లను పడుకోబెట్టాకే తక్కెడ లేచింది.

"నాలుగు కిలోలు, పైన కొసరు" అన్నాడాయన.

"బరాబర్" అన్నాను నేను.