విద్యార్థులుగా మా నటన

ఈ రోజు మా యూనివర్సిటీలో టీచింగ్ ట్రైనింగ్ జరిగింది. డిగ్రీ క్లాసులు చెప్పబోయే రీసెర్చ్ స్కాలర్లు తలా పది నిమిషాలు డెమో పాఠం చెప్పాలి. సీనియర్ లెక్చరర్లం మేము బెంచీల మీద కూర్చుని విద్యార్థుల్లా నటించాలి. ఇరవై ఏళ్లుగా అల్లరి భరిస్తున్నవాళ్లకి ఇంతకంటే పండగేముంటుంది!

ఆసియా సంస్కృతి మీద పరిశోధన చేస్తున్న సునీత, చల్లపల్లి అమ్మాయి, జపాన్ వాళ్లు అతిథికి టీ ఇచ్చే పద్ధతి చెప్పడం మొదలుపెట్టింది. చూపించడానికి ఇంటి నుంచి ఓ గిన్నె కూడా తెచ్చుకుంది.

"మేడమ్, మాకు అల్లం టీ కావాలి!" అని నేను అరిచాను. హిస్టరీ మాస్టారు గురక పెట్టారు. వెనక బెంచీలో ఎవరో ఆమె ఇంగ్లీషును వెక్కిరిస్తే అందరం పగలబడి నవ్వాం. ఆరో నిమిషంలో ఆమె పాఠం ఆపేసింది.

గిన్నె సంచిలో సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్లాను. "ఏమీ అనుకోకమ్మా, పిల్లలు ఇలాగే ఉంటారు. అలవాటు పడాలిగా" అన్నాను.

"కంకిపాడులో రెండేళ్లు ఇంటర్ పిల్లలకి చెప్పానండీ. వాళ్లెప్పుడూ నాతో ఇలా చెయ్యలేదండీ" అంది.

నాకు ఒళ్లు మండింది. అభిప్రాయం రాయమని ఫారం చేతికివ్వగానే "క్లాసు మీద అదుపు లేదు" అని రాసి సంతకం పెట్టాను. పక్కవాళ్లవి తొంగిచూస్తే అందరూ అదే రాశారు. ఆమె మళ్లీ ట్రైనింగుకి రావాలట.

తిట్టాలనుకునేవాళ్లు కామెంట్లలో తిట్టండి. నాకు మాత్రం క్లాసు మీద అదుపుంది, డిలీట్ చేసేస్తాను.