పుస్తకాలకు తొట్టెల కట్టిన మా చెల్లె

మా చెల్లె చనిపోయింది. ఇంకో వారంలో వేసవి సెలవులనగా, ఒక పొద్దున టిఫిన్ డబ్బా సర్దుకుంటూ వంటింటి గడప మీద కూర్చుంది. "అక్కా, జర నీళ్ళియ్యి" అంది. నేను గ్లాసు తెచ్చేసరికి తల తలుపుకు ఆనించి ఉంది. తమ్ముడు కారు మాట్లాడి సికింద్రాబాదు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, "అయిపోయిందమ్మా" అన్నాడు.

ఆ మాటను నేను ఇంకా ఒప్పుకోలేదు. ఎందుకో చెప్తాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతస్వభావి, మృదుభాషి అని రాయడం ఆచారం. మా చెల్లెను ఎరిగినవాళ్ళు అలాంటిది చదివితే నవ్వుతారు. అది మొండిది. చిన్నప్పుడు అన్నం ముద్ద వద్దంటే వద్దే. పెద్దయ్యాక కూడా అంతే. ఆ మొండితనం గురించే నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేం ఉండేది మేడ్చల్‌లో. తను శామీర్‌పేట్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో యూకేజీ టీచరు. రోజూ షేర్ ఆటోలో పోయి వచ్చేది. తన తరగతిలో చేపలు పట్టేవాళ్ళ పిల్లలు, లాల్‌గడి మలక్‌పేట్ వైపు కూరగాయలు వేసేవాళ్ళ పిల్లలు, కొత్త లేఅవుట్లలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ పిల్లలు, ఆ ఇళ్ళకు ఇటుకలు మోసేవాళ్ళ పిల్లలు. అందరూ ఒకే చాప మీద.

అక్షరాలు నేర్పేది, రైమ్స్ నేర్పేది. కాని తను అసలు పనిగా పెట్టుకున్నది పిల్లల చేత పుస్తకాలు వేయించడం. అఆలే పూర్తిగా రాని పిల్లలు పుస్తకాలేం రాస్తారని మీరు అడగొచ్చు. చాలామంది అడిగారు. "రాసుడు రానోళ్ళకు చెప్పుడొస్తది" అనేది. పిల్ల బొమ్మ గీసి, పక్కన కూర్చుని కథ చెప్పేది. చెల్లె ఆ మాటలనే బొమ్మ కింద రాసి, వేలు పెట్టి చదివి వినిపించి, "గిట్లనే అన్నవా?" అని అడిగేది. పిల్ల తల ఊపితేనే ఆ పేజీ అయినట్టు. చివరి పేజీ ఒక్కటి పిల్ల తన చేత్తో రాయాలి. అందులో ఒకటే మాట. "అయిపోయింది." సున్నా ఎక్కడ పడ్డా, గుడి ఎటు తిరిగినా చెల్లె ముట్టుకునేది కాదు.

అట్టలకు పెళ్ళికార్డులు. ఎవరింట్లో పెళ్ళయినా మిగిలిన కార్డులు అడిగి తెచ్చేది. తను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా గుచ్చి అడిగితే, "కార్డులు సాలినన్ని దొరుకుతున్నయి గదా" అనేది. అడిగినవాళ్ళు మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

నేను పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టి కూర్చుంటే, తను పక్కన చేరి అదే వెలుగులో పుస్తకాలు కుట్టేది. పూలమాల కట్టే దారం, గోనెసంచి కుట్టే సూది. "లైటు వేసుకోరాదే" అంటే, "నీది అయితుంటే నాది గూడ అయితది" అనేది. నా స్తోత్రం, తన దారం ఇంచుమించు ఒకేసారి అయ్యేవి. తరువాత ఆ పుస్తకాన్ని జిరాక్స్ తీయించి పిల్లల ఇళ్ళకు తలా ఒకటి పంపేది. అసలుది తరగతిలో తాడు మీద బట్టలారేసినట్టు క్లిప్పు పెట్టి వేలాడదీసేది.

ఒక పిల్లవాడి పుస్తకం నాకు కంఠతా వచ్చు. "మా నాయిన బండి. బండి పోయింది. బండి వచ్చింది. అయిపోయింది." అంతే. వాళ్ళ నాన్న పుస్తకం పట్టుకుని బడికి వచ్చాడు.

"గిది కథనా టీచర్?"

"పోయిన బండి పైలంగ ఇంటికొచ్చిందా లేదా?"

"వచ్చింది."

"మీవోడు పొద్దుగూకినంక గేటు కాడ నిలవడి సూసేది గా బండి కోసమే. ఇంకేం గావాలె నీకు?"

ఆయన పుస్తకం మడవకుండా చొక్కా లోపల పెట్టుకుని పోయాడట.

మా వైపు బిడ్డ పుడితే తొట్టెల చేస్తాం. చీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను పడుకోబెట్టి, చెవిలో మూడుసార్లు పేరు చెప్పి, వచ్చినవాళ్ళకు ఉడకబెట్టిన శనగల గుడాలు పంచుతాం. పుస్తకం కూడా పుట్టిందే కదా అంది చెల్లె. కిటికీ ఊచకు ఒక కొస, బీరువా పిడికి ఒక కొస కట్టి, కొత్త పుస్తకాన్ని చీరలో పడుకోబెట్టేది. రాసిన పిల్ల వంగి దాని పేరు దానికి మూడుసార్లు చెప్పాలి. తరువాత ఆ పిల్ల టీచరు కుర్చీలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే, మిగిలిన పిల్లలు గుడాలు నములుతూ ప్రశ్నలు వేసేవాళ్ళు. టీచరు ఆ రోజు చాప మీద.

నాకు భర్త పోయి చాలా కాలమైంది. అప్పటినుంచి పుట్టింట్లోనే ఉంటున్నాను. నన్ను తొట్టెలలకు పిలుస్తారు, ఉయ్యాల దగ్గరకు మాత్రం పిలవరు. నేనూ వెనక నిలబడడం అలవాటు చేసుకున్నాను. మొదటి పుస్తకం తొట్టెల రోజున చెల్లె నన్ను బడికి తీసుకుపోయి చీర చేతిలో పెట్టింది.

"ముడి నువ్వే ఎయ్యి."

"నేనా? ఎవలన్న ఏమన్న అంటరే."

"పుస్తకాలకు పెద్దమ్మవు నువ్వే గదా. ఇంకెవలేస్తరు?"

వేశాను. అప్పటినుంచి ప్రతి తొట్టెలకూ నేనే వేశాను. ఏ పుస్తకానికీ ఏమీ కాలేదు.

ఈ ఏడాది చివరి పుస్తకం నందినిది. వాళ్ళ నాన్న చేపలు పడతాడు. పుస్తకం పేరు "పింకీ". కథ ఇది. "మా నాయిన సాపలు తెచ్చిండు. ఒక సాప బతికుండె. దానికి పింకీ అని పేరు వెట్టిన. మా అవ్వ పింకీని కోసింది. నేను ఏడ్సిన. పులుసు మస్తుండె."

నందిని ఇంట్లో కథంతా చెప్పినట్టుంది, మొదట వాళ్ళ అవ్వ వచ్చింది. "నన్ను కసాయిదాన్ని జేసిర్రు గద టీచరమ్మా" అని.

"కోసినవా లేదా అవ్వా?"

"కోసిన. కోయకుంటె పులుసెట్లయితది?"

"గదే రాసింది."

అవ్వ బొమ్మల మీదికి వంగి, "పులుసు మస్తుందని గూడ రాసిందా?" అని అడిగింది. రాసిందని చెల్లె చూపించింది. "అయితే ఉండనియ్యి" అని పోయింది.

బడి నడిపే పెద్ద మేడమ్ అంత సులువుగా పోలేదు. చెడ్డమనిషి కాదు. సెలవులకు ముందు తల్లిదండ్రులు వస్తారు, వచ్చే ఏడు చేర్పించేవాళ్ళూ వస్తారు, వాళ్ళ ముందు బడి బాగా కనబడాలని ఆమె ఆరాటం. కథలో నీతి ఉండాలంది. చివర్లో పాప చేపను నీళ్ళలో వదిలేసినట్టు మార్చమంది.

"తిన్నది మేడమ్. తిన్నంక ఎట్ల ఇడుస్తది?" అంది చెల్లె.

"పోనీ, సాప అని ఎందుకు రాశారు? చేప అని రాయండి. సాప అంటే చాప అనుకుంటారు."

"సాపను పులుసు వెడ్తరా మేడమ్?"

మేడమ్‌కు కోపం వచ్చింది. మార్చకపోతే ఆ పుస్తకం ఆ రోజు కనబడకూడదంది. ఆ సాయంత్రం చెల్లె ఇంటికి వచ్చి ఇదంతా చెప్పింది. నేను అడిగాను, ఒక్క మాట మారిస్తే ఏం పోతుందని. చెల్లె సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అంది.

"గా పిల్ల ఇంట్ల, వాకిట్ల, వాళ్ళ నాయిన బుట్టల, అన్నిట్ల అది సాపనే అక్కా. నేను గొట్టేస్తె, వాళ్ళ నాయినది గూడ తప్పే అనుకుంటది. పిల్ల నోట్ల మాట పిల్లదే. మనది పెన్నొక్కటే. పెద్దయినంక చేప అని గూడ నేర్సుకుంటది, ఏం తొందర? నందిని పుస్తకం లేకుంటె ఆ రోజు ఏ పుస్తకం లేదు."

"మరి ఏం జేస్తవు?"

"తొట్టెల గడ్త."

మర్నాడు పొద్దున్నే గడప మీద కూర్చుంది.

ఇంట్లో మైల. దీపం పెట్టకూడదు. చీకటిగా ఉన్న దేవుడి గూటి ముందు నేను ఉత్తచేతులతోనే దండం పెట్టుకునేదాన్ని. పక్కన దారం చప్పుడు లేదు. తన సంచి గోడకు అలాగే వేలాడుతోంది. మూడోనాటి పని అయ్యాక విప్పి చూశాను. పింకీ పుస్తకం ఉంది. ఎవరి పెళ్ళిదో బంగారు రంగు అట్ట. అన్ని పేజీలూ కుట్టి ఉన్నాయి. చివరి పేజీ ఖాళీ. సూది ఆ పేజీకే గుచ్చి ఉంది.

పదకొండోనాటి పెద్దదినం కాకముందే బడికి సెలవులిస్తారు. సెలవులిస్తే యూకేజీ పిల్లలు మళ్ళీ ఒకచోట చేరరు. కొందరు సర్కారు బడికి, కొందరు పెద్ద బస్సులొచ్చే బడులకు, ఇటుకలు మోసేవాళ్ళ పిల్లలు ఎక్కడ పని ఉంటే అక్కడికి. నందిని పుస్తకానికి తల్లిదండ్రులు వచ్చే ఆ ఒక్క రోజే ఉంది.

ఆ పొద్దున నేను తల స్నానం చేసి చెల్లె చీర ఒకటి మడిచి సంచిలో పెట్టుకున్నాను. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచొద్దంటారు. ఉంచలేదు. బడికి తీసుకుపోయాను.

తమ్ముడు వాకిట్లో ఆపాడు. "అక్కా, పెద్దదినం గాలే. మైలల యాడికి?"

"బడికి. తొట్టెల ఉన్నది."

"పసిపిల్లల కాడికా? అందరు ఏమంటరు?"

"పురుడైనింట్ల మైల ఉండదారా? గక్కడ పుట్టిన మైల, గిక్కడ పోయిన మైల. మైలల మైల గలుస్తది."

శాస్త్రంలో అలా ఉందో లేదో నాకు తెలియదు. దేవుడికి తెలుసు, ఆయన ఏమీ అనలేదు. తమ్ముడు లోపలికి పోయి బండి తాళం తెచ్చి, "ఎక్కు" అన్నాడు.

పెద్ద మేడమ్ గేటు దగ్గరే కనబడింది. నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నిజంగానే పెట్టుకుంది. సంచిలోంచి పుస్తకం తీయగానే కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా, ఈ పరిస్థితిలో మీరు రాకుండా ఉండాల్సింది. పిల్లలకు టీచర్ ఊరెళ్ళిందని చెప్పాం."

"పిల్లలకు అబద్ధం చెప్తే, వాళ్ళు అదే రాసుకుంటారు మేడమ్."

"మీ చెల్లె ఉన్నప్పుడూ నా మాట వినలేదు."

"ఇప్పుడూ వినదు" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. గొంతు పెంచడం నాకు రాదు. గేటు దగ్గర నుంచి కదలడమూ ఆ రోజు నాకు రాలేదు. చివరికి తప్పుకుని, "మైకు మాత్రం పెట్టకండి" అంది. పెట్టలేదు.

తరగతిలో పిల్లలు నన్ను గుర్తుపట్టారు. బండి పుస్తకం రాసిన పిల్లవాడు ముందు అడిగాడు.

"పెద్దమ్మా, టీచర్ ఊరికి పోయిందా?"

నేను నోరు తెరిచేలోపే నందిని అంది. "లే. సచ్చిపోయింది. మా అవ్వ జెప్పింది."

"అవునమ్మా. చనిపోయింది" అన్నాను.

వెనకనుంచి ఎవరో, "గుడాలు తెచ్చినవా?" అని అడిగారు. తెచ్చాను.

చీర విప్పి కిటికీ ఊచకు ఒక ముడి, బీరువా పిడికి ఒక ముడి వేశాను. రెండు ముడులూ లాగి చూశాను, వదులు కాలేదు. నందినిని దగ్గర కూర్చోబెట్టుకుని పుస్తకం మొదటినుంచి వేలు పెట్టి చదివాను. ఒక్కొక్క పేజీకీ, "గిట్లనే అన్నవా?" అని అడిగాను. ఒక్కొక్క పేజీకీ తల ఊపింది. పులుసు దగ్గర గట్టిగా ఊపింది. ఖాళీ పేజీ వచ్చింది. పెన్సిలు చేతికిచ్చాను.

"ఇగ అయిపోయింది అని రాయి బిడ్డా."

పెన్సిలు పట్టుకుంది. రాయలేదు.

"అయిపోలే" అంది.

"ఇంకేమున్నది?"

"రేపు మా నాయిన మల్ల సాపలు తెస్తడు. మల్ల ఒకటి బతికుంటది. మల్ల పేరు వెడ్త."

చెల్లె ఉంటే ఏం చేసేదో తెలుసు. "అయితే గదే రాయి" అన్నాను. నాలుక బయటపెట్టి, పేజీ అంతా నింపుతూ రాసింది. "అయిపోలే." లకు పెట్టిన ఏత్వం పక్కకు ఒరిగిపోయింది. నేను ముట్టుకోలేదు.

పుస్తకాన్ని చీరలో పడుకోబెట్టింది. వంగి, "పింకీ, పింకీ, పింకీ" అని చెప్పింది. టీచరు కుర్చీ ఎక్కి కూర్చుని తన కథ చెప్పింది. నేను చాప మీద కూర్చున్నాను. వచ్చిన తల్లిదండ్రులు వెనక నిలబడి విన్నారు. పులుసు దగ్గర నవ్వారు. తలుపు దగ్గర పెద్ద మేడమ్ చేతిలో గుడాల పొట్లం ఉంది. నందిని చెప్పినంతసేపూ ఆమె తినలేదు, వెళ్ళిపోనూ లేదు.

అంతా అయ్యాక నందిని తన పుస్తకం తీసుకుని తాడుకు క్లిప్పు పెట్టింది. చీర విప్పుదామని నేను లేచాను. కిటికీలోంచి వేడిగాలికి ఖాళీ తొట్టెల ఊగుతోంది. ఖాళీ తొట్టెల ఊగకూడదంటారు. ఆ భయం నాకూ ఉంది. గబగబా ముడి మీద చెయ్యి వేశాను.

బండి పుస్తకం పిల్లవాడు పరుగెత్తుకొచ్చి, ఒక తెల్లకాగితం తీసి చీరలో పెట్టాడు.

"ఇప్పకు పెద్దమ్మా. గిది నాది. ఇంక రాయలే."

ముడి మీద నుంచి చెయ్యి తీసేశాను. కాగితానికి బరువేముంటుంది. ఆకుపచ్చ చీరలో తెల్లగా కనబడుతూ, అది మెల్లగా ఊగింది.