జల్లాక్‌లో మూడో మునక

బహ్రెయిన్ వెళ్ళొచ్చానంటే మా ఊళ్ళో ఆడవాళ్ళు మొదట అడిగే మాట, అక్కడ చూడదగ్గవి ఏమున్నాయని. ఎవరింట్లోనో అంట్లు తోమడానికి పోయినదాన్ని, తీర్థయాత్ర చేసొచ్చినట్టు అడుగుతారు. ఏమీ చూడలేదని ఎందుకంటాను? హమద్ టౌన్‌లో వాళ్ళ వంటగది చూశాను. మేడ మీద బట్టలారేసే చోటు చూశాను. ఏడాదికి రెండు మూడుసార్లు ఆ ఇంటివాళ్ళు సముద్రం ఒడ్డుకి సరదాగా పోయేటప్పుడు పిల్లల వెంట నన్నూ తీసుకుపోయేవారు కాబట్టి, జల్లాక్ దగ్గర ఒక రిసార్టు కూడా చూశాను.

ఆ రిసార్టులో లేనిది లేదు. తెల్లటి ఇసక ఉంది, ఎక్కడినుంచో లారీల్లో తెచ్చి పోశారట. ఆకులు కప్పిన గొడుగులు, వాటి కింద పడక కుర్చీలు. నీళ్ళ మీద మోటారు సైకిళ్ళలా దూసుకుపోయే బళ్ళు. పిల్లలకి గుర్రపు స్వారీ, జారుడు బల్లలు. సాయంత్రం మాంసం కాల్చుకోడానికి బొగ్గుల పొయ్యిలు. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, దాని పక్కనే ఈత కొట్టడానికి ఇంకో కొలను కట్టారు. కలిగినవాళ్ళకి ఎన్ని నీళ్ళున్నా చాలవు కాబోలు. ఆ కొలనులో పనివాళ్ళు దిగకూడదు. పొడుగు చేతుల యూనిఫాం వేసుకుని, తలకి గుడ్డ కట్టుకుని, గట్టు మీద నిలబడి తువ్వాళ్ళు అందించడం నా పని. సముద్రంలో మాత్రం పిల్లల వెనకాల దిగొచ్చు. అది మన కాకినాడ సముద్రం లాంటిది కాదు. కెరటమూ ఉండదు, లోతూ ఉండదు. ఎంతదూరం నడిచినా నీళ్ళు మోకాళ్ళు దాటవు. పిల్లల తల్లులకి అదే నచ్చుతుంది.

ఆ వేసవిలో మా అక్క కాకినాడలో ఆసుపత్రి మంచం మీద ఉంది. లివరు చెడిపోయింది, ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేశారు. నా మొగుడు ఇంకో కాపురం పెట్టుకున్నాక నా కూతుర్ని తన దగ్గర ఉంచుకుని, నన్ను ధైర్యం చెప్పి పంపింది అక్కే. నా పిల్ల నన్ను ఫోన్లో అమ్మా అనేది. కాలిలో ముల్లు గుచ్చుకుంటే మాత్రం పెద్దమ్మా అని అరిచేది. దానికి నాకెప్పుడూ కష్టం అనిపించలేదు. అక్క ప్రాణంతో ఉండగా ఒక్కసారి వెళ్ళి ఆ మొహం చూడాలి. నాకప్పుడు ఇంకో కోరిక లేదు.

ఆ ఇంటివాళ్ళు టికెట్ కొని, కాగితాల మీద సంతకం పెడితే తప్ప నేను కదలలేను. ఇంటావిడని పనివాళ్ళం మామా అని పిలిచేవాళ్ళం, అక్కడ అమ్మగారు అన్నట్టు. నాకన్నా చిన్నదే. చెడ్డది కాదు. చెయ్యి చేసుకోలేదు, కడుపు మాడ్చలేదు. సెలవు అడిగితే భుజం మీద చెయ్యి వేసి, రంజాన్ వెళ్ళాక అంది. రంజాన్ వెళ్ళాక అడిగితే బక్రీద్ అంది. బక్రీద్ అయ్యాక వాళ్ళమ్మ మోకాలి ఆపరేషన్ వచ్చింది. అదీ అయ్యాక, ఈ రిసార్టు ప్రయాణం ఒక్కటీ కానివ్వు, పిల్లలు నువ్వు లేకపోతే ఉండరు అంది. ప్రతిసారీ ఇన్షా అల్లా అనేది. నేను తల ఊపి వంటింట్లోకి పోయి, గిన్నెల మీద నా కోపం తీర్చుకునేదాన్ని.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రిసార్టులో అందరి భోజనాలూ అయ్యాయి. గొడుగు కింద చిన్నపిల్లాడి ఆటసామాన్లు ఏరుతుంటే బావ ఫోను చేశాడు.

"అయిపోయిందే. మీ అక్క పొద్దున్నే పోయింది" అన్నాడు. "ఎండలు చూస్తే ఇలా ఉన్నాయి, ఉంచలేం. సాయంత్రానికి తీసికెళ్ళిపోతాం."

వీడియోలో ఒకసారి మొహం చూపించమన్నాను. ఇంటికి తీసుకొచ్చాక చూపిస్తానన్నాడు. నా కూతురేం చేస్తోందని అడిగితే, పెద్దమ్మకి స్నానం చేయించడానికి నీళ్ళు మోస్తోందన్నాడు. పన్నెండేళ్ళ పిల్ల. బావ ఇంకేదో చెబుతూనే ఉన్నాడు, నాకు వినపడలేదు.

అయినవాళ్ళ చావు కబురు చెవిన పడితే కట్టుబట్టలతో తలమునిగే స్నానం చెయ్యాలి. అంతవరకూ ఎవర్నీ తాకకూడదు. మా వైపు ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఈ లోపల పిల్లాడు ఎత్తుకోమని చేతులు చాపుకుంటూ నా మీదికి పరిగెత్తుకొచ్చాడు. నేను వెనక్కి జరిగాను. వాడు ఇదేదో ఆట అనుకుని ఇంకా దగ్గరికొచ్చాడు. రావద్దని అరిచాను. నా నోట అరుపు వాడెప్పుడూ వినలేదు, బిక్కచచ్చిపోయి గుక్కపట్టి ఏడ్చాడు. మామా లేచి కూర్చుని మా ఇద్దరివైపూ చూసింది.

స్నానం ఎక్కడ చెయ్యను? వాళ్ళు దిగిన ఇంట్లో స్నానాల గదులు వాళ్ళవి, ఆ మైలతో లోపలికి పోలేను. పనివాళ్ళకి కార్లు నిలిపే చోట ఒక కుళాయి ఉండేది, ఏడుస్తున్నట్టు వచ్చేది దాని ధార. ఎదురుగా సముద్రం ఉంది. అక్క కోసం ఆ దేశంలో నేను చెయ్యగలిగింది ఇదొక్కటే, దీనికి ఎవరి సెలవూ అక్కర్లేదు అనుకున్నాను. చెప్పులు విడిచి, ఫోను చెప్పుల మీద పెట్టి నడిచాను.

నీళ్ళు కాచినట్టు వేడిగా ఉన్నాయి. పిల్లల్ని దాటాను. ఇంతకన్నా ముందుకి పోవద్దని కట్టిన తాడు దాటాను. మునగడానికి లోతు కావాలి, అది ఎంతకీ రాదు. చివరికి నడుము దాకా వచ్చింది. ఆ ఒడ్డు పడమటి వైపుది, మా ఊరు నా వీపు వెనక ఉంది. అందుకని ఊరివైపు తిరిగి నిలబడ్డాను. ఒడ్డున జనం లేచి నిలబడ్డం కనిపించింది. నా గురించి అనుకోలేదు. ముక్కు మూసుకుని ఒక మునక వేశాను. అక్కని తలుచుకుని రెండోది వేశాను. మూడోది వెయ్యబోతుంటే ఎవరో నా వెనక్కి చేరి మెడ కింద చెయ్యి వేసి లాగారు.

రిసార్టులో నీళ్ళ కాపలా చూసే మనిషి. మూడో మునక కాలేదని నేను గింజుకున్నాను. నేను గింజుకున్నకొద్దీ అతను బిగించాడు. ఆ గింజుకోవడంతో ఒడ్డునున్న వాళ్ళకి మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

ఇసకలో పడేశాక మామా పరిగెత్తుకొచ్చి తన తువ్వాలు నాకు చుట్టింది. "మైల, ముట్టుకోకు" అని తెలుగులోనే చెప్పి ఆమె చేతులు తోసేశాను. ఆమె ఇంకా గట్టిగా కావిలించుకుని ఏడ్చింది. ఆ దేశంలో కాలుపెట్టాక నన్ను ఒకరు దగ్గరికి తీసుకోవడం అదే మొదలు. అప్పుడు నాకూ ఏడుపు వచ్చింది, ఇక ఆగలేదు.

వాళ్ళ డ్రైవరుది కరీంనగర్ వైపు. అరబ్బీ బాగా వచ్చు, నాకు రాని మాటలన్నీ అతనే చెప్పిపెట్టేవాడు. అయ్యగారు ఎవరెవరికో ఫోన్లు చేస్తుంటే అతను వచ్చి నా దగ్గర గొంతుక్కూర్చున్నాడు. జరిగింది చెప్పాను.

"మా దిక్కు గూడ గంతే అక్కా, సావు కబురు ఇంటె తానం జేసుడే" అన్నాడు. "నేను వాళ్లకు జెప్త. గని ఒక్క మాట ఇను. నువ్వు పానం తీసుకోబోయినవని భయపడ్డరు, ఇయ్యాల్నే పంపిచ్చేస్తమంటున్రు. తానం కోసమని జెప్తె మల్ల ఎప్పుడు పంపుతరో ఎరుకలేదు. జెప్పాల్నా?"

"చెప్పొద్దు" అన్నాను.

అక్క బతికుండగా ఎన్నిసార్లు అడిగినా దొరకని టికెట్, నేను చావబోయానని అనుకున్నాక సాయంత్రానికల్లా దొరికింది. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నా ఒళ్ళు మండుతుంది. హమద్ టౌన్ ఇంటికి తీసుకుపోయి బట్టలు సర్దుకోమన్నారు. మామా నా పక్కనే కూర్చుని, పెట్టెలోంచి నా చున్నీలన్నీ తీసేసుకుంది. ఎందుకు తీసుకుందో నాకు విమానం ఎక్కాక గాని వెలగలేదు.

ఊరు చేరేసరికి అక్క బూడిదైపోయింది. మొహం వీడియోలో కూడా చూడలేదు, ఆ హడావిడిలో నా ఫోను ఇసకలోనే ఉండిపోయింది. గుమ్మంలో అడుగుపెట్టగానే ఏడుపులు లేస్తాయనుకున్నాను. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. నన్ను బహ్రెయిన్ పంపిన ఏజెంటు అప్పటికే బావకి ఫోను చేశాడట, మీ మరదలు సముద్రంలో పడి చావబోయింది, పంపించేస్తున్నారు, కనిపెట్టుకుని ఉండండి అని. పాడె లేచాక వాకిలి కడిగి కూర్చున్న నా కూతురు, కాటినుంచి వచ్చిన బావ నోట ఆ మాట విన్నది. ఒకే పూట దానికి పెద్దమ్మ పోయింది, అమ్మ పోబోయింది.

స్నానానికి దిగానని అందరికీ చెప్పాను, ఒట్లు పెట్టాను. పెద్దవాళ్ళు నమ్మారు. పరాయి దేశంలో కూడా ఆచారం తప్పలేదని ఒకావిడ మెచ్చుకుంది కూడా. నా కూతురు అన్నీ విని తల ఊపింది. ఆ మర్నాటినుంచి నేను స్నానాల గదిలోకి వెళ్తే గడియ పెట్టనిచ్చేది కాదు. తలుపు అవతల నిలబడి ఉండుండి అమ్మా అని పిలిచేది, నేను పలికితే ఊరుకునేది.

పెద్దదినం నాడు ఆడవాళ్ళందరం తలస్నానాలకి కాలవ రేవుకి వెళ్ళాం. కొత్తనీరు వచ్చి కాలవ నిండుగా పోతోంది. ఒక్కొక్కరే దిగి మునిగి వస్తున్నారు. నా వంతు వచ్చి మెట్టు దిగబోతే నా కూతురు రెండు చేతులతో నన్ను పట్టేసుకుంది.

"నువ్వు దిగొద్దమ్మా."

"స్నానమేనే, పెద్దమ్మ కోసం" అన్నాను.

"అక్కడా స్నానానికే దిగానన్నావుగా" అంది.

నన్ను పైమెట్టు మీద కూర్చోబెట్టింది. ఎవరిదో చెంబు అడిగి తెచ్చి, కాలవలో ముంచి నా నెత్తిమీద పోసింది. ఒక చేత్తో పోస్తూ రెండో చేత్తో నా మణికట్టు పట్టుకునే ఉంది. ఆడవాళ్ళందరూ ఒడ్డెక్కి తడిబట్టలతో ఇళ్ళకి బయల్దేరారు, అయినా అది నా చెయ్యి వదల్లేదు.