గడ్డిమనిషి కుర్చీలో ఓరిన్

మా ఎదురింటి ఓరిన్ పెల్కీ ఇవాళ బతికి తిరుగుతున్నాడంటే అది క్లాడెట్ చాదస్తం చలవే. ఈ మాట నా నోటి వెంట వచ్చిందంటే మా వీధివాళ్ళెవరూ నమ్మరు. ఆ చాదస్తంతో అందరికంటే ఎక్కువ వేగింది నేనే మరి. క్లాడెట్‌ది మా పక్కిల్లు.

క్లాడెట్ థిబో చాలా ఏళ్ళు బడి వంటగదిలో పనిచేసి, మోకాళ్ళు సహకరించక మానేసింది. వందలమంది పిల్లలకి వండి వార్చిన చేతులు ఊరికే ఉండలేవు కదా. ఆకురాలే కాలం వస్తే చాలు, మా ఊళ్ళో అందరిలాగే గుమ్మడికాయలతో, పూలతో ఇల్లు అలంకరించడం మొదలుపెడుతుంది. కానీ ఆగస్టులోనే గుమ్మడికాయలు బయట పెట్టేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. తొలి మంచు పడి, కొండ మీద మేపుల్ చెట్లు ఎర్రబారాకే ఆవిడ భర్త రే ట్రక్కు తీయాలి. మొక్కజొన్న చొప్ప, గడ్డిమోపులు, చామంతి కుండీలు, చేతికొచ్చినన్ని గుమ్మడికాయలు వేసుకొస్తాడు. చామంతులు సగమే విచ్చి ఉండాలి. పూర్తిగా విచ్చినవి తెస్తే వెనక్కి పంపిస్తుంది. చొప్పని వసారా స్తంభాలకి కడుతుంది, తలుపుకి ఎర్రకాయల తీగతో చుట్టిన దండ తగిలిస్తుంది. ప్లాస్టిక్ ఆకు కనబడిందా, ఇక ఆ ఇంటివాళ్ళ పరువు గంగలో కలిసినట్టే.

ఇంటి లోపల సంగతి అడగొద్దు. భోజనాల బల్ల నిండా సొరకాయలు, ఆపిల్ పళ్ళు, ఓక్ కాయలు. పళ్ళెం పెట్టుకోవడానికి చోటుండదు. రే ఒళ్ళో పెట్టుకుని తింటాడు.

"ఈ కొంపలో కాలానికి సరిపోని వస్తువుని నేనొక్కణ్ణే. నన్నూ ఎప్పుడో అటక మీదకి ఎక్కించేస్తుంది" అంటాడు పాపం.

సొంత ఇంటితో ఆగితే గొడవే లేదు. మా వసారా మీదకీ వస్తుంది. అడగదు. నేను పెట్టిన గుమ్మడికాయల్ని అటూ ఇటూ జరిపి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, "ఇప్పుడు కాస్త మనుషులున్న ఇల్లులా ఉంది" అని వెళ్ళిపోతుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. కానీ ఆవిడ జరిపాక బాగుండేది, అదీ నా బాధ.

ఓరిన్ ఒక్కడే లొంగలేదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. జీవితమంతా పాడి ఆవులతో గడిపి, ఒంట్లో ఓపిక తగ్గాక మందని అమ్మేసి మా వీధిలో చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. షుగరు జబ్బు, రోజూ సూది పొడుచుకోవాలి. ఎవరింటికీ వెళ్ళడు, అతనింటికీ ఎవరూ రారు. ఒకసారి చర్చి హాల్లో వీధివాళ్ళందరం కూర్చున్నప్పుడు క్లాడెట్ ఎవరి పేరూ ఎత్తకుండా, "మన వీధి చక్కగా నవ్వుతుంటే మధ్యలో ఒక పన్ను ఊడిపోయినట్టుంది" అంది. వెనక వరసలోంచి ఓరిన్ లేచాడు.

"నా వసారా, నా ఇష్టం! గుమ్మడికాయ ఆవులకి వేసేది, మెట్ల మీద కూర్చోబెట్టి పూజ చేసేది కాదు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాపుకోలేకపోయాడు. అక్కడే దొరికిపోయాడు.

ఆ వారం అంతా క్లాడెట్ అతని చెవిలో జోరీగలా తిరిగింది. చివరికి ఆ పోరు పడలేక ఓరిన్ ఒక్క గడ్డిమనిషికి ఒప్పుకున్నాడు. గడ్డిమనిషి అంటే పాత ప్యాంటు చొక్కాల్లో గడ్డి కుక్కి, దిండుగలీబుతో తల చేసి, వసారాలో కుర్చీ మీద కూర్చోబెట్టే బొమ్మ. మా వీధిలో ఇంటికొకటి ఉంటుంది. కారులో వెళ్ళేవాళ్ళు వాటికి చెయ్యి ఊపి వెళ్ళడం మావాళ్ళ అలవాటు. ఎదురొచ్చిన మనిషికి ఊపని వాళ్ళు కూడా గడ్డిబొమ్మకి ఊపుతారు.

"నీదే ఒక పాత కోటు ఇవ్వు, ఎర్రగళ్ళది" అంది క్లాడెట్.

"కోటు, టోపీ రెండూ పట్టుకుపో. మళ్ళీ మళ్ళీ వచ్చి నా ప్రాణం తియ్యకు తల్లీ."

బొమ్మని అతని వసారాలో ఎండ బాగా పడే చోట, అతని కుర్చీలోనే కూర్చోబెట్టింది. కాళ్ళ దగ్గర మూడు గుమ్మడికాయలు పెట్టింది. రోడ్డు మీంచి చూస్తే అచ్చం ఓరినే కూర్చున్నట్టుండేది.

కొండలన్నీ ఎర్రగా అయ్యాక ఒక శనివారం జరిగిందిది. ఆకులు చూడ్డానికి పైఊళ్ళ జనం విరగబడి వచ్చారు. ఆ రోజు పొద్దున్న ఓరిన్ సూది పొడుచుకున్నాడు. ఏదైనా తినే ముందు కాసేపు ఎండలో కూర్చుందామనుకున్నాడు. ఎండ పడేది గడ్డిమనిషి కుర్చీలో. బొమ్మని ఎత్తి లోపల గోడకి ఆనించాడు, కళ్ళలో ఎండ పడకుండా దాని టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. అతని ఒంటి మీద ఉన్నదీ అలాంటి ఇంకో గళ్ళ కోటే. కూర్చున్నాడు. కునుకు పట్టింది. పొట్టలో ఏమీ లేదు, సూది మందు తన పని తాను చేసుకుపోయింది. షుగరు పడిపోయి అలాగే స్పృహ తప్పాడు.

కార్లు వెళ్తూనే ఉన్నాయి. అందరూ చేతులు ఊపారు. మా ఆయన కూడా బజారు నుంచి వస్తూ ఊపి, "ఈసారి ఓరిన్ బొమ్మ భలే కుదిరింది" అన్నాడు ఇంట్లోకొచ్చి. పైఊరి వాళ్ళెవరో మెట్లెక్కి పక్కన నిలబడి ఫోటోలు కూడా దిగారు.

క్లాడెట్ ఆ పూట చర్చిలో ఆపిల్ పైలు అమ్మి మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చింది. కారు దిగుతూ ఎదుటి వసారా చూసింది. గడ్డిమనిషి ఒక పక్కకి జారిపోయి ఉన్నాడు. టోపీ ముక్కు మీదకి దిగింది. ఒక గుమ్మడికాయ దొర్లి మెట్ల కింద పడి ఉంది. ఆవిడ మొహం జేవురించడం మా కిటికీలోంచి నాకు స్పష్టంగా కనబడింది.

"ఎవడు ముట్టుకున్నాడు దీన్ని? రెండు రోజులు పట్టింది నాకు!" అని అరుచుకుంటూ రోడ్డు దాటింది. మోకాళ్ళ నొప్పి కూడా గుర్తులేదు ఆవిడకి.

వసారా ఎక్కి, కుర్చీ వెనక్కి వెళ్ళి, కోటు కాలరు పట్టి ఎప్పటిలా ఒంటిచేత్తో పైకి లాగింది. రాలేదు. గడ్డి అంత బరువుండదు. రెండో చేత్తో మెడ కింద పట్టుకుంది. వెచ్చగా ఉంది. చెమటతో తడిసిపోయి ఉంది.

ఆ కేక వీధి చివరిదాకా వినబడింది.

"రే! ఓరిన్... రే! ఇది ఓరిన్!"

మెట్ల దగ్గర ఆగిన పైఊరి వాళ్ళు ఇదేదో నాటకమనుకుని నవ్వారు. ఒకామె చప్పట్లు కొట్టింది. క్లాడెట్ ఆమె వైపు తిరిగి, "నవ్వుతావేంటమ్మా, మనిషిక్కడ చచ్చిపోతుంటే!" అనేసరికి ఆ చప్పట్లు గాల్లోనే ఆగిపోయాయి. రే అంబులెన్సుకి ఫోన్ చేశాడు. నేనూ మా ఆయనా పరిగెత్తాం. బజారు నుంచి వస్తూ తను చెయ్యి ఊపింది బొమ్మకి కాదని మా ఆయనకి అప్పుడు తెలిసింది.

అంబులెన్సు వచ్చేదాకా క్లాడెట్ నేల మీద కూలబడి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. ఊపిరి ఆడుతోందా లేదా అని మేమందరం అతని ఛాతీ వంకే చూస్తున్నాం. ఆవిడ నోరు మాత్రం ఆగలేదు.

"ఓరిన్, కళ్ళు తెరువయ్యా. నీ గుమ్మానికి ఇంకో ఆకు కూడా కట్టను, ఒట్టు. మూడు గుమ్మడికాయలూ తీసుకుపోతాను. వింటున్నావా? ఎవరికీ చెప్పకుండా పోతానంటే ఊరుకోను నేను."

అంబులెన్సులో వచ్చినవాళ్ళు వేలి చివర గుచ్చి చూసి, నరానికి మందెక్కించారు. కాసేపటికి అతని కనురెప్పలు కదిలాయి. ఒక కన్ను తెరిచాడు. చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు, పైన క్లాడెట్‌ని చూశాడు.

"ఎందుకు తల్లీ అలా అరుస్తావు? చెవులు పోతున్నాయి" అన్నాడు.

అమ్మయ్య! మా గుండెల మీంచి బండ దింపినట్టయింది. మా ఆయన మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఆయన వీపు నిమురుతూ నవ్వుతున్నాను, ఎందుకు నవ్వుతున్నానో నాకే తెలీదు.

చీకటి పడేదాకా ఎవరూ చూడకపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని పెద్దాసుపత్రి డాక్టరన్నాడు. ఇప్పుడు ఫరవాలేదు, రెండు రోజులుంచుకుని పంపిస్తామన్నాడు. ఆ మాట విన్నాక కూడా క్లాడెట్ మనసు కుదుటపడలేదు. మర్నాడు నేనే ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా ఒక్క మాట లేదు. ఆవిడ నోరు మూసుకుని ఉంటే నాకు భయమేసింది.

ఓరిన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద సూపు గిన్నె, ముట్టుకోలేదు. క్లాడెట్ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"తప్పంతా నాదే ఓరిన్. నా బొమ్మ లేకపోతే నిన్ను మనిషనుకుని ఎవరో ఒకరు ఆగేవాళ్ళు. ఇంటికెళ్ళి వీధిలో ఉన్నవన్నీ తగలబెట్టేస్తాను."

ఓరిన్ ఎదురుగా ఉన్న బల్లని పక్కకి తోశాడు.

"ఆ కుర్చీలో నేను ఏళ్ళ తరబడి కూర్చున్నాను మహాతల్లీ. ఒక్కరైనా చెయ్యి ఊపారా?"

క్లాడెట్ ఎప్పుడూ ఊపలేదు. నేనూ ఊపలేదు.

"నిజం చెప్పు. నీ బొమ్మ లేకపోతే నా వసారా వంక తలెత్తి చూసేదానివా నువ్వు?"

ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు.

"చూసేదాన్ని కాదు" అంది.

"మరింకేం? బతికించింది నువ్వే. కూర్చో."

అంతే, క్లాడెట్ బావురుమంది. ఆ ఏడుపుకి నర్సు పరిగెత్తుకుంటూ వచ్చి ఓరిన్ చెయ్యి పట్టుకుని నాడి చూడబోయింది. "నాకేం కాలేదమ్మా, ఏదైనా ఇచ్చేదుంటే ఈవిడకివ్వు" అన్నాడు. నర్సు నవ్వింది, నేను నవ్వాను, క్లాడెట్ ఏడుస్తూనే నవ్వింది.

తర్వాత కళ్ళు తుడుచుకుని, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది. సూపు గిన్నె అతని ముందుకి జరిపింది. ఇంటికెళ్దాం పొద్దుపోతోందని నేను రెండుసార్లు గుర్తుచేశాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు.