సోమక్క నూలుకు చెప్పిన మాట

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్లకు సోమక్క నూలు మోసేది. రంగు వేసి ఆరబెట్టి, చిలపలుగా చుట్టిన నూలును గంపకెత్తుకుని పొద్దెక్కే వేళకు మా సందులోకి వచ్చేది. గడప ముందు గంప దించి, ఒక్కో చిలపను రెండు చేతులా నోటి దగ్గరికి తెచ్చుకుని ఏదో గొణిగి, అప్పుడు మా చేతికిచ్చేది. నేను ఆ సందుకు కోడలిగా వచ్చిన నాటి నుంచీ చూస్తున్నాను. ఏమంటున్నావని ఎవరం అడగలేదు. పొద్దున్నే కాకి అరిస్తే ఏమంటున్నావని అడుగుతామా?

సోమక్క మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. నూలుతో పాటు పెళ్లి సంబంధాలు కూడా మోసేది. ఏ ఇంట్లో పిల్ల ఎదిగిందో, ఏ ఇంటి పిల్లవాడు తాగుతాడో ఆమెను అడగాల్సిందే. ఆమె ముందు నవ్వుతూ మాట్లాడి, ఆమె సందు మలుపు తిరగగానే ఆమె మీద నవ్వేవాళ్లం. మా బుద్ధులంతే.

డెబ్బై తొమ్మిదిలో యాదగిరికి ఒక పిచ్చి పట్టింది. యాదగిరి మా నేతగాళ్ల సొసైటీలో గుమాస్తా. మంచివాడే గానీ, చదివిందంతా ఎదుటివాడి నెత్తిన పోస్తే తప్ప అన్నం అరగదు. పాత పుస్తకాల బండి మీద స్పెయిన్ దేశపు కథ ఒకటి ఇంగ్లీషులో దొరికింది. ఐదు వందల ఏళ్ల నాటిదట. లోకంలోని గొప్ప పుస్తకాలు మనవాళ్లకు తెలియకపోతే ఎలా అని, మధ్యాహ్నాలు మా సందులోని గట్టయ్య మగ్గాల కొట్టంలో కూర్చుని రోజూ కొంచెం చెప్పసాగాడు. మగవాళ్లు నేస్తూ వినేవాళ్లు. మేం ఓ మూల రాట్నాల దగ్గర కండెలు చుడుతూ వినేవాళ్లం.

కథలో ఒక డబ్బున్న కుర్రవాడు పెద్దింటి పిల్లను చూసి మతి పోగొట్టుకుంటాడు. పిల్ల ఛీ పొమ్మంటుంది. వాడు ఒక ముసలామెను ఆశ్రయిస్తాడు. ఆమె నూలు అమ్మే వంకతో ఇల్లిల్లూ తిరిగి జంటలు కలిపే మనిషి. ఆమె నూలుకు పాము నూనె పూసి, పాతాళంలోని దయ్యాన్ని పిలిచి, అందులో చుట్టుకుని కూర్చోమంటుంది. నూలు పిల్ల ఇంట్లోకి పోతుంది. ఆ తర్వాత పిల్ల మనసు పిల్లది కాదు.

అంతవరకు చెప్పి ఊరుకున్నా బాగుండేది. అందరికీ అర్థం కావాలని యాదగిరి ఆ ముసలామె నెత్తిన గంప పెట్టాడు, మా సందులో నడిపించాడు, మా గడపల ముందు నిలబెట్టి నూలు మీద గొణిగించాడు. ఆ రోజు మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయింది. నా చేతిలోని కండె చల్లగా తగిలింది. ఒట్టు, తగిలింది. ఎవరూ సోమక్క పేరెత్తలేదు.

మర్నాడు ఆమె వస్తే ఎవరం చేయి చాపలేదు. నూలు అరుగు మీద పెట్టి పొమ్మన్నాం. ఆమె వెళ్లాక పసుపు నీళ్లు చల్లి లోపలికి తెచ్చుకున్నాం.

ఆ నెలలోనే గట్టయ్య కూతురు పద్మ మంచం పట్టింది. అంతకు కొద్ది రోజుల ముందే సోమక్క ఆ పిల్లకు ఖిలా వరంగల్ నుంచి సంబంధం తెచ్చింది. పద్మ అన్నం మానేసింది. పిలిస్తే పలకదు, తనలో తాను గొణుక్కుంటుంది. చూడటానికి నేనూ వెళ్లాను. చాప మీద పడుకున్న పిల్ల చేతులు గాలిలోకి లేచి ఆడుతున్నాయి. దారం లేదు, రాట్నం లేదు. వేళ్లు మాత్రం కండె చుడుతున్నాయి.

అప్పుడు వాడలో బాణామతి అన్న మాట పుట్టింది. ఆ రోజుల్లో మా దిక్కు ఆ మాట పుట్టిందంటే తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. మంత్రం నోట పలకకుండా ఉండాలని, చేతబడి చేసిందనుకున్న మనిషి పళ్లు పీకేవాళ్లు. కొందరు అక్కడికక్కడే చనిపోయేవాళ్లు.

ఒక సాయంత్రం గట్టయ్య సోమక్కను కొట్టంలోకి పిలిపించాడు. మగ్గం మీద పటకారు పెట్టి ఉంది. ఇద్దరు మగవాళ్లు ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. ఆమె నోరు మూసుకుని ఆ పటకారునే చూస్తోంది. మేం వాకిట్లో నిలబడి ఉన్నాం, ఒక్కరమూ కదల్లేదు. యాదగిరి పరుగున వచ్చి అడ్డం పడ్డాడు.

"మామా, అది ఉత్త కథ. నూలుల ఏం లేదు."

"ఐదు నూర్ల ఏండ్ల సంది పుస్తకంల ఉన్నదని నువ్వే చెప్తివి," అన్నాడు గట్టయ్య. "అబద్ధమైతే అన్నేండ్లు నిలుస్తదా?"

అయితే ఆఖరు కూడా విను అన్నాడు యాదగిరి. నిలబడే చెప్పాడు. ఆ ముసలామెను ఆమెతో కలిసి పనిచేసినవాళ్లే బంగారు గొలుసు కోసం పొడిచి చంపేస్తారు. వాళ్లకు మరణశిక్ష పడుతుంది. కుర్రవాడు నిచ్చెన మీద నుంచి జారి పడి చనిపోతాడు.

గట్టయ్య పటకారు చేతిలోకి తీసుకున్నాడు. "ముసల్దాన్ని సంపినంక పిల్ల బతికిందా?"

"లేదు మామా. మేడ మీదికెల్లి దుంకింది. ఆఖరుకు వాళ్ల నాయిన ఒక్కడే మిగిలిండు, ఏడ్సుకుంట."

లోపలి గదిలో నుంచి పద్మ గొణుగుడు వినిపిస్తోంది. గట్టయ్య చాలాసేపు దాన్నే విన్నాడు. పటకారు కింద పడేసి, లోపలికెళ్లి కూతుర్ని భుజాన వేసుకుని రిక్షా కోసం వీధిలోకి పరిగెత్తాడు. దవాఖానలో టైఫాయిడ్ అన్నారు. జ్వరం తలకెక్కితే చేతులు అలాగే ఆడతాయట. దసరా నాటికి పిల్ల లేచి తిరిగింది. డాక్టరు బాగు చేశాడని కొందరు, సోమక్క తన మంత్రం తీసేసుకుందని కొందరు అన్నారు. ఎవరేమన్నా నేను తల ఊపాను.

ఆమెను వదిలేసిన ఆ సాయంత్రం నుంచి వారం తిరక్కుండానే సోమక్క మళ్లీ గంపెత్తుకుని వచ్చింది. తినాలి కదా. కానీ కొంగు ముక్కు కింది నుంచి నోటికి అడ్డంగా చుట్టుకుంది. చిలపలు అరుగు మీద పెట్టి చప్పుడు లేకుండా వెళ్లిపోయేది. అప్పటి నుంచి మా సందులో ఏ మగ్గం మీద చూసినా దారం తెగడం మొదలైంది. నూలు నాసిరకం అన్నారు మగవాళ్లు. పక్క సందులోనూ అదే నూలు, అక్కడ తెగలేదు. యాదగిరి కథలు చెప్పడం మానేశాడు.

చివరికి గట్టయ్య భార్య భద్రమ్మే ఆమె గుడిసెకు పోయింది. తోడు నేనూ వెళ్లాను. ఇదివరకు నూలుకు చెప్పే మాటేదో మళ్లీ చెప్పమని భద్రమ్మ ఆమె చేతులు పట్టుకుని బతిమాలింది.

"నోరు తెరిస్తే పండ్లు కనవడ్తయి బిడ్డా," అంది సోమక్క. అదీ కొంగు తీయకుండానే.